అత్తగారు నాలుగున్నరకే లేస్తారు, నాకు ఒకటిన్నరకి గానీ నిద్ర రాదు

ప్రశ్న: నా వయసు 29. ఉప్పల్‌లో ఉంటాం, రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. రాత్రి ఒకటిన్నర అయితే గానీ నాకు నిద్ర రాదు. పొద్దున 6.30కి అలారం మోగితే తిట్టుకుంటూ లేస్తాను. శని, ఆదివారాలు రెండున్నరకి పడుకుని పదిన్నరకి లేస్తాను. మా అత్తగారు అలారం లేకుండానే నాలుగున్నరకి లేస్తారు, రాత్రి తొమ్మిదికల్లా గుర్రు పెడతారు. ‘పెందలాడే పడుకుంటే పెందలాడే మెలకువ వస్తుంది, నీదంతా బద్ధకం’ అంటారు. ఆవిడ మాట విని వారం పాటు తొమ్మిదిన్నరకే పడుకున్నాను. పన్నెండు దాటేదాకా ఫ్యాను వంక చూడటమే అయింది. నాలుగున్నరకి అలారం పెట్టుకుని మూడు రోజులు లేచాను. నాలుగో రోజు మీటింగ్‌లోనే కునుకు పట్టేసింది. రోజుకి నాలుగు టీలు తాగుతాను, ఆఖరిది సాయంత్రం ఏడుకి. సంక్రాంతికి సూర్యాపేట దగ్గర మా పుట్టింటికి వెళ్లినప్పుడు మాత్రం నాలుగో రోజుకే పదకొండుకి నిద్ర ముంచుకొచ్చింది. హైదరాబాద్ రాగానే మళ్లీ మామూలే. కొందరు ఇలా, కొందరు అలా ఎందుకుంటారు? నేను మారగలనా? మెలటోనిన్ గమ్మీలు తెప్పించాను, వేసుకోవచ్చా?
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే ముక్క సంక్రాంతిది. మీరు దాన్ని చివర్లో తోసేశారు గానీ మందు అందులోనే ఉంది. దాని దగ్గరికి వద్దాం.

ముందు బద్ధకం సంగతి. శనివారం రాత్రి రెండున్నరకి పడుకుంటే పదిన్నర దాకా, అంటే 8 గంటలు, మీకు నిద్ర పడుతోంది. నిద్రలేమి ఉన్నవాళ్లు ఎప్పుడు పడుకున్నా దొర్లుతూనే ఉంటారు, మధ్యలో లేస్తారు, సెలవు రోజున కూడా అంతే. మీకు నిద్ర వస్తోంది, కాకపోతే రావాల్సిన వేళకి కాక ఆలస్యంగా వస్తోంది. ఇది గడియారం తేడా. బద్ధకస్తులకి ఫ్యాను వంక మూడు గంటలు చూసే ఓపిక ఎక్కడిది?

గడియారం అన్నది పోలిక కాదు, నిజంగానే ఉంది. రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటుకునే చోటికి కాస్త పైన, సుమారు 20 వేల కణాల ముద్ద ఒకటి ఉంటుంది. సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అంటారు. ఒంటి వేడి, మెలటోనిన్ (చీకటి పడ్డాక ఊరే హార్మోన్), కార్టిసాల్ (పొద్దున మెలకువ వేళకి పెరిగే హార్మోన్), ఆకలి, చురుకుదనం అన్నీ దాని తాళానికే నడుస్తాయి. బయట పొద్దు కనిపించకపోయినా ఇది ఆగదు. 1729లో ఫ్రాన్స్‌లో ద మైరాన్ అనే ఆయన అత్తిపత్తి జాతి మొక్కని చీకట్లో పెట్టి చూస్తే, ఎండ తగలకుండానే అది పగటి వేళకి ఆకులు విప్పి రాత్రి వేళకి ముడిచింది. 1971లో అమెరికాలో కొనోప్కా, బెంజర్ అనే ఇద్దరు పండ్ల ఈగల్లో (అరటిపండు మగ్గితే ముసురుతాయే, అవే) ఒకే జన్యువులో వేరు వేరు మార్పులున్న మూడు రకాలు పట్టుకున్నారు. ఒక రకానికి రోజు 19 గంటలు, ఇంకో రకానికి 28 గంటలు, మూడో రకానికి అసలు రోజన్నదే లేదు. ఆ జన్యువు ఎలా పనిచేస్తుందో విప్పి చెప్పినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్‌లకి వైద్యంలో నోబెల్ వచ్చింది.

మనుషుల్లో ఈ గడియారం ఒక చుట్టు తిరగడానికి సగటున 24 గంటల మీద ఇంకో 10, 12 నిమిషాలు పడుతుంది. అంటే సగటు మనిషి కూడా వదిలేస్తే రోజూ కొంచెం వెనక్కి జారతాడు. గోడ గడియారం రోజుకి 10 నిమిషాలు వెనకబడితే మనమేం చేస్తాం? రోజూ పొద్దున్నే ముల్లు ముందుకి తిప్పుతాం. ఒంట్లో ఆ ముల్లు తిప్పేది పొద్దుటి వెలుగు. చుట్టు పొట్టిగా ఉన్నవాళ్లకి ఆ తిప్పడం పెద్దగా అక్కర్లేదు, వాళ్లు వాళ్లంతట వాళ్లే ముందు లేస్తారు. మీ అత్తగారు ఆ కోవ కావచ్చు. చుట్టు పొడుగున్నవాళ్లకి ఒక్క రోజు తిప్పకపోయినా తేడా కనబడుతుంది. మీరు ఆ కోవ.

చుట్టు పొడుగో పొట్టో కొంత పుట్టుకతోనే వస్తుంది. అమెరికాలోని యూటాలో ఒక కుటుంబంలో కొందరు తరతరాలుగా రాత్రి 7.30కి పడుకుని తెల్లవారుజామున 4.30కి లేచేవారు. వాళ్లలో పెర్2 అనే జన్యువులో ఒక్క అక్షరం తేడా ఉందని 2001లో తేలింది. ఆలస్యంగా పడుకునే కొన్ని కుటుంబాల్లో క్రై1 అనే జన్యువు మార్పు 2017లో బయటపడింది. ఇవి అరుదు. మామూలు జనంలో ఇలా ఒక్క జన్యువుతో తేలే వ్యవహారం కాదు. 2019లో దాదాపు 7 లక్షల మంది డీఎన్ఏ చూసి, పొద్దున లేచే అలవాటుతో ముడిపడ్డ 351 చోట్లు గుర్తించారు. ఆ పరిశోధనలోనే ఉన్న ఇంకో అంకె మీకు ఉత్సాహాన్నిస్తుంది. ‘పొద్దున లేచే’ జన్యు రూపాలు అందరికన్నా ఎక్కువ ఉన్న 5 శాతం మందికీ, అందరికన్నా తక్కువ ఉన్న 5 శాతం మందికీ చేతికి పరికరం కట్టి నిద్ర కొలిస్తే, వేళల్లో తేడా సగటున 25 నిమిషాలు. మీకూ మీ అత్తగారికీ మధ్య ఉన్నది నాలుగున్నర గంటలు. అదంతా జన్యువుల నెత్తిన వేయలేం.

వయసు కూడా ఉంది. పిల్లలు పొద్దున్నే లేస్తారు, పదమూడు, పద్నాలుగేళ్ల నుంచి గడియారం వెనక్కి జారుతూ పోతుంది, ఇరవై ప్రాంతంలో కొస తాకుతుంది, అక్కణ్నుంచి మెల్లగా ముందుకి వస్తుంది. అరవై దాటాక చాలామందికి నాలుగైదుకే మెలకువ వచ్చేస్తుంది. (ఇంటర్ పిల్లల్ని తెల్లవారుజామున ఐదుకి స్టడీ అవర్‌కి కూర్చోబెట్టే హాస్టళ్లకి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.) మీ అత్తగారు ఇరవై ఐదేళ్లప్పుడు ఎప్పుడు లేచేవారో ఆవిణ్నే అడగండి. అలారం లేకుండా నాలుగున్నర అంటే మాత్రం నమ్మకండి.

ఇన్ని రకాల మనుషులు ఒక్క ఇంట్లో ఎందుకున్నారంటే, బహుశా కాపలాకి. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా జనంలో 33 మంది పెద్దవాళ్ల నిద్రని 20 రోజులు కొలిచారు. ఆ 20 రోజుల్లో మొత్తం మీద అందరూ ఒకేసారి నిద్రలో ఉన్నది 18 నిమిషాలే. మిగతా వేళంతా ఎవరో ఒకరు మేలుకునే ఉన్నారు. ఎవరినీ కాపలాకి పెట్టలేదు, వయసు తేడాలే ఆ పని చేశాయి. కళ్లం దగ్గర ధాన్యానికి వంతులవారీగా పడుకున్న ఊళ్లవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు.

ఇప్పుడు సంక్రాంతి. 2013లో అమెరికాలోని కొలరాడోలో 8 మందిని వారం పాటు కొండల్లో గుడారాల్లో ఉంచారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, టార్చి కూడా లేదు. ఎండ, చలిమంట, అంతే. వారంలో వాళ్ల గడియారం సగటున 2 గంటలు ముందుకి వచ్చింది. అందరికన్నా ఆలస్యంగా పడుకునేవాళ్లు అందరికన్నా ఎక్కువ ముందుకి జరిగారు, పొద్దున లేచేవాళ్లకీ వీళ్లకీ మధ్య ఉన్న ఎడం తగ్గిపోయింది. మీ పుట్టింట్లో జరిగింది దీనికి చిన్న తమ్ముడు. పొద్దున లేచి వాకిట్లో ముగ్గు దగ్గర నిలబడ్డారు, పగలంతా అరుగు మీదో, డాబా మీదో, పొలం గట్టు మీదో ఉన్నారు, చీకటి పడ్డాక ఇంట్లో ఒక బల్బు. నాలుగు రోజుల్లో రెండున్నర గంటలు ముందుకి వచ్చారు.

ఉప్పల్‌లో మీ రోజు ఎలా ఉందో అంకెల్లో చూడండి. ఎండలో వెలుగు లక్ష లక్స్ (వెలుగుని కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. చెట్టు నీడన, కానీ ఆరుబయట, 10 వేల లక్స్ ఉంటుంది. ముసురు పట్టిన జులై రోజున కూడా ఆకాశం కింద కొన్ని వేలు ఉంటుంది. ట్యూబ్‌లైటు వేసిన మీ హాల్లో, ఆఫీసులో మీ సీటు దగ్గర ఉండేది 150 నుంచి 400. మన కళ్లు సర్దుకుపోతాయి కాబట్టి తేడా ఇంతని తోచదు. కంటి వెనక పొరలో చూపుతో సంబంధం లేకుండా వెలుగుని మాత్రమే కొలిచే కణాలు కొన్ని ఉన్నాయి. మెలనాప్సిన్ అనే రంగు పదార్థంతో పనిచేస్తాయి, నీలి వెలుగంటే వాటికి ఎక్కువ పట్టింపు. అవి గడియారానికి చేరవేసే కబురు ఇదీ: పగలంతా మసక, రాత్రి పన్నెండు దాకా అదే మసక. ఇక గడియారానికి పొద్దుకీ మాపుకీ తేడా ఎలా తెలుస్తుంది?

హైదరాబాద్‌కి దీని మీద ఇంకో చిన్న వడ్డన ఉంది. మన దేశం టైము 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది, అది కాకినాడ పక్కగా పోతుంది. హైదరాబాద్ అక్కడికి నాలుగు డిగ్రీలు పడమర, కాబట్టి ఇక్కడి పొద్దు 16 నిమిషాలు ఆలస్యం. జనవరి రెండో సగంలో ఇక్కడ సూర్యుడు వచ్చేసరికి 6.45 దాటుతుంది. మే నెలాఖర్లో 5.40కే వస్తాడు. మీ ప్రయత్నాన్ని ఎండాకాలంలో మొదలుపెడితే జనవరిలో కంటే సులువు.

మీరు చేసిన రెండు ప్రయత్నాలూ ఎందుకు బెడిసికొట్టాయో చెప్పడం ముఖ్యం, ఎందుకంటే అందరూ ఇవే చేస్తారు.

తొమ్మిదిన్నరకి పడుకోవడం. నిద్ర రావాలంటే రెండు కలవాలి. మెలకువగా ఉన్న కొద్దీ మెదడులో పేరుకునే నిద్ర బరువు ఒకటి. అడినోసిన్ అనే పదార్థం అందులో పెద్ద వాటాదారు. గడియారం సరేననడం రెండోది. సాయంత్రం బరువు పెరిగే కొద్దీ గడియారం దానికి ఎదురుగా మెలకువని ఎగదోస్తుంది, లేకపోతే అందరం ఆరింటికే వాలిపోతాం. ఆ ఎగదోయడం శిఖరం మీద ఉండేది మామూలుగా పడుకునే వేళకి ముందు రెండు మూడు గంటలు. దీన్ని నిద్రకి ‘నిషిద్ధ వేళ’ అన్నాడు పెరెట్జ్ లావీ అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్త 1986లో. ఒకటిన్నరకి పడుకునే మీకు ఆ వేళ సుమారు పది నుంచి పదకొండున్నర. మీరు సరిగ్గా ఆ తలుపు మీదే తల బాదుకున్నారు. పైగా వారం రోజులు అలా దొర్లితే మంచం అంటేనే మెలకువ అని మెదడు నేర్చుకుంటుంది, అప్పుడు లేని నిద్రలేమి వచ్చిపడుతుంది.

నాలుగున్నరకి లేవడం ఇంకా తప్పు. వెలుగు గడియారాన్ని ముందుకి తిప్పుతుందన్నాం కదా, అది ఎప్పుడు పడితే అప్పుడు తిప్పదు. ఒంటి వేడి రోజంతటిలో అడుగంటే క్షణం ఒకటి ఉంటుంది, దానంతట మెలకువ వచ్చే వేళకి రెండు మూడు గంటల ముందు. ఆ క్షణం దాటాక పడ్డ వెలుగు ముల్లుని ముందుకి తిప్పుతుంది. దానికి ముందు పడ్డ వెలుగు వెనక్కి తిప్పుతుంది. అలారం లేకపోతే, నిద్ర అప్పు లేకపోతే మీరు తొమ్మిది ప్రాంతంలో లేస్తారనుకుంటే, ఆ క్షణం మీకు 6.30 దగ్గర. నాలుగున్నరకి లేచి వంటింట్లో తెల్లటి ఎల్ఈడీ ట్యూబ్ కింద నిలబడితే మీ గడియారానికి అది ఇంకా రాత్రే. ‘ఓహో, ఇంకా పొద్దుగూకలేదన్నమాట’ అనుకుని ఇంకొంచెం వెనక్కి జరుగుతుంది. మీ అత్తగారికి ఆ క్షణం రెండింటికే అయిపోయింది కాబట్టి అదే ట్యూబ్‌లైటు ఆవిణ్ని ముందుకి తోస్తుంది. ఒకే వంటిల్లు, ఒకే లైటు, ఇద్దరినీ చెరో వైపుకి.

(బ్రహ్మ ముహూర్తం అనే మాట వస్తే: అది సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్‌లో 5.10 ప్రాంతంలో మొదలవుతుంది. నాలుగున్నర అప్పటికి ఉత్త తెల్లవారుజామే. ఆ వేళకి లేవమన్న పెద్దలు దీపాలు పెట్టిన గంటకి అన్నం తిని పడుకున్నారన్నది కూడా గుర్తుంచుకోవాలి.)

మీ తేడా ఎంతో కొలుద్దాం. జర్మనీకి చెందిన టిల్ రోనెబెర్గ్ లెక్క ఇది, కాగితం పెన్ను చాలు. పని రోజు ఒకటిన్నర నుంచి ఆరున్నర: నిద్ర నడిమి క్షణం 4.00. సెలవు రోజు రెండున్నర నుంచి పదిన్నర: నడిమి క్షణం 6.30. ఈ రెండింటి తేడా 2.30 గంటలు. దీనికాయన 2006లో పెట్టిన పేరు సోషల్ జెట్‌లాగ్. ప్రతి శుక్రవారం రాత్రి మీరు మనకన్నా రెండున్నర గంటలు వెనకున్న ఖతార్‌కి వెళ్లి, సోమవారం పొద్దున ఉప్పల్‌లో దిగుతున్నట్టు. అందుకే సోమవారాలు అంత చేదు. సెలవు నాటి 6.30లో వారమంతా పోగైన అప్పు తీర్చుకోవడం కూడా కలిసి ఉంది, అది తీసేయాలి. మీ వారం సగటు నిద్ర 5 గంటల 50 నిమిషాలు, సెలవు నిద్ర 8. తేడాలో సగం, గంటా 5 నిమిషాలు, తీసేస్తే 5.25. అదీ మీ గడియారం అసలు స్థానం. జర్మనీ చుట్టుపక్కల దేశాల్లో ఎక్కువమందికి ఇది నాలుగు, నాలుగున్నర మధ్య ఉంటుంది. మీరు అంతకన్నా గంట వెనక ఉన్నారు, అంతే. వింత మనిషేం కాదు.

ఇక చేయాల్సింది. పడుకునే టైముతో కుస్తీ మానేయండి. నిద్ర రప్పించుకోవడం మీ చేతుల్లో లేదు. లేవడం, వెలుగులోకి వెళ్లడం ఉన్నాయి. తాడుని పొద్దుటి కొస పట్టి లాగితే రాత్రి కొస దానంతటది వస్తుంది. లక్ష్యం నాలుగున్నర వద్దు. పదకొండున్నర – ఆరున్నర చాలు, మీ ఆఫీసుకి, మీ 7 గంటల నిద్రకి సరిపోతుంది.

మొదటి వారం రోజూ 7.00కి లేవండి, ఆదివారం కూడా 8.00 దాటకుండా. 7.30 నుంచి 8.15 మధ్య కనీసం అరగంట ఆకాశం కింద ఉండాలి. డాబా మీద టీ గ్లాసుతో 15, 20 నిమిషాలు, ఆ తర్వాత మెట్రో స్టేషన్‌కి ఆటో ఎక్కకుండా నడక. సూర్యుడి వంక చూడక్కర్లేదు, చూడకూడదు కూడా. చల్లద్దాలు మాత్రం బ్యాగులోనే ఉండనివ్వండి. కిటికీ గాజు వెనక కూర్చుంటే వెలుగులో చాలా భాగం పోతుంది, మెట్రో పెట్టెలో సీటు దొరికినా డాబాకి సాటి రాదు. రాత్రి 12.45కి ముందు మంచం ఎక్కకండి. ఎక్కాక 20 నిమిషాల్లో నిద్ర రాకపోతే లేచి మసక దీపం దగ్గర కూర్చుని, ఆవులింత వచ్చాక వెళ్లండి.

రెండో వారం అన్నీ 15 నుంచి 30 నిమిషాలు ముందుకి: 6.45కి లేవడం, 7.00 నుంచి వెలుగు, మంచం 12.20కి. మూడో వారం 6.30కి లేవడం, లేచిన పది నిమిషాల్లో డాబా, మంచం 12.00కి. నాలుగో వారంలో 11.40. ఇంతకన్నా తొందరపడితే వెలుగు మళ్లీ ముల్లుని వెనక్కి తిప్పే ఆ తప్పు వేళలో పడుతుంది. మధ్యాహ్నం కళ్లు మూతలు పడితే 20 నిమిషాలు కునుకు తీయొచ్చు, మూడు దాటాక మాత్రం వద్దు.

రాత్రి సగం పని లైట్లది. మొదటి వారం 10.00 నుంచి హాల్లో 20 వాట్ల తెల్ల ట్యూబ్ ఆపేసి, 9 వాట్ల పసుపు వెలుగు ఎల్ఈడీ ఒకటి, కంటికి ఎదురుగా కాకుండా పక్కన, కింద పెట్టండి. డబ్బా మీద 2700కె లేదా 3000కె అని ఉండాలి, 6500కె ఉన్నది వద్దు. అందరూ మర్చిపోయేది బాత్రూమ్ అద్దం మీది లైటు. రెండు గంటలు మసకలో ఉండి, చివర్లో పళ్లు తోముకుంటూ మూడు నిమిషాలు ముఖం మీద తెల్ల వెలుగు కొట్టించుకుంటారు.

ఫోన్ గురించి అందరూ చెప్పేది కొంచెం ఎక్కువైంది. 2015లో అమెరికాలో ఒక ప్రయోగంలో పడుకోబోయే ముందు 4 గంటలు, ఐదు రాత్రులు, వెలుగుతున్న తెర మీద చదివించారు. మెలటోనిన్ గడియారం గంటన్నర వెనక్కి జరిగింది గానీ, నిద్ర పట్టడం ఆలస్యమైంది 10 నిమిషాలే. తెర వెలుగు తగ్గించి, దూరంగా పట్టుకుంటే దాని వాటా చిన్నది. అసలు దొంగ తెరలో ఉన్న సరుకు. ‘ఇంకొక్క రీలు’ అన్నది నీలి వెలుగు చేసే పని కాదు, దానికి నైట్ మోడ్ మందు కాదు. ఛార్జర్‌ని హాల్లో పెట్టడం మందు.

టీలు. హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 150 మి.లీ. టీలో 30 నుంచి 65 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది, ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120. రోజుకి 300 దాటొద్దని వాళ్ల సలహా, మీరు ఆ హద్దులోనే ఉన్నారు. చిక్కు వేళతో. ఒంట్లో కెఫీన్ సగం కావడానికి సుమారు 5 గంటలు పడుతుంది, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకి దాదాపు రెట్టింపు. ఏడుకి తాగిన టీలో 50 ఉంటే పన్నెండుకి ఇంకా 25 ఉంది. అది అడినోసిన్ కూర్చోవాల్సిన కుర్చీలో కూర్చుంటుంది, నిద్ర బరువు తెలియనివ్వదు. ఆఖరి టీ మూడుకి. ఏడుకి చేతిలో గ్లాసు లేకపోతే తోచదంటే, పల్చటి మజ్జిగో అల్లం కషాయమో. భోజనం తొమ్మిది లోపు అయితే మంచిది. కాలేయానికి సొంత గడియారం ఉంది, అది వెలుగు కన్నా తిండి వేళనే ఎక్కువ చూస్తుంది.

మెలటోనిన్. ఇది నిద్రమాత్ర కాదు, ‘చీకటి పడింది’ అని గడియారానికి చెప్పే కబురు. మీరు తెప్పించిన గమ్మీ 5 లేదా 10 మి.గ్రా. అయి ఉంటుంది, పడుకునే ముందు వేసుకోమని రాసి ఉంటుంది. ఆ వేళకి మీ ఒంట్లో సొంత మెలటోనిన్ అప్పటికే ఊరుతోంది, కాబట్టి గడియారం జరగడానికి దానివల్ల ఒరిగేది తక్కువ. జరపడానికి కావాల్సింది చిన్న మోతాదు, 0.5 మి.గ్రా., మీ సొంతది మొదలవడానికి రెండు మూడు గంటల ముందు. మీ విషయంలో రాత్రి 8.30 – 9.00. గమ్మీల్లో ఇంకో గొడవ: 2023లో అమెరికాలో 25 రకాలు పరీక్షిస్తే 22 రకాల్లో లేబుల్ మీద రాసిన దానికీ లోపల ఉన్న దానికీ పొంతన లేదు, ఒకదాంట్లో మెలటోనినే లేదు. నాలుగు వారాలు వెలుగుతో ప్రయత్నించకుండా దీని జోలికి పోవద్దు. ఆ తర్వాత కూడా డాక్టర్‌ని అడిగే. గర్భం కోసం చూస్తున్నా, గర్భంతో ఉన్నా, రక్తం పల్చబడే మందులో, డిప్రెషన్ మందులో వాడుతున్నా అడగకుండా వేసుకోకూడదు. వేసుకున్న రాత్రి స్కూటీ తీయకూడదు.

ఇంట్లో సంగతి. అత్తగారిని డీఎన్ఏలో 351 చోట్ల పేరుతో ఒప్పించాలని చూడకండి, మాట పెరుగుతుంది. పని పంచుకోవడంతో ఒప్పించవచ్చు. రాత్రి పదింటికి మీ చేతులు చురుగ్గా ఉంటాయి, ఆవిడకి అప్పటికి రెండో నిద్ర. నానిన మినప్పప్పు, ఇడ్లీ రవ్వ కలిపి పిండి సిద్ధం చేయడం, కూరలు తరిగి డబ్బాల్లో పెట్టడం, పొద్దుటి పచ్చడికి పల్లీలు వేయించడం మీ వంతు. పిండి రాత్రి రుబ్బితేనే పొద్దుటికి పొంగుతుంది, నాలుగున్నరకి రుబ్బినా ఏడింటికి ఇడ్లీ కాదు. పొద్దున స్టవ్ వెలిగించడం ఆవిడ వంతు. రుబ్బేటప్పుడు వంటింటి ట్యూబ్ వద్దు, గట్టు మీద పసుపు బల్బు ఒకటి చాలు. గ్రైండర్ మోత ఆవిడ గది దాకా పోతే, తొమ్మిది లోపే రుబ్బేయండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడంటే: ఇదంతా రెండు నెలలు సరిగ్గా చేసినా అరగంట కూడా జరగకపోతే, గురకతో పాటు ఊపిరి ఆగినట్టు అవుతోందని మీవారు చెబితే, పడుకోగానే కాళ్లు గుంజి, కదిపితే గానీ కుదరకపోతే (ఇనుము తక్కువైతే ఇలా అవుతుంది, ఫెర్రిటిన్ పరీక్ష చేయించాలి), మనసు రోజుల తరబడి దిగులుగా ఉంటే, బండి నడుపుతూ ఒక్కసారి కునుకు వచ్చినా సరే. వెళ్లే ముందు రెండు వారాలు, పడుకున్న వేళ, లేచిన వేళ, టీలు, రోజుకి ఒక్క గీత రాసి తీసుకెళ్లండి. ఆ కాగితం చూస్తే డాక్టర్‌కి సగం ప్రశ్నలు మిగలవు.

మధ్యలో ఒక పెళ్లో, రంజాన్ రాత్రి చార్మినార్ దగ్గర హలీమో తప్పదు. మూడింటికి పడుకున్నారనుకోండి. మర్నాడు 8.00కి లేచి, కళ్లు మండుతున్నా డాబా ఎక్కండి, మధ్యాహ్నం 20 నిమిషాలు పడుకోండి, ఆ రాత్రి నిద్ర వచ్చిన వేళకి పడుకోండి. సోమవారం అలారం మాత్రం అనుకున్న చోటే ఉండాలి. పదకొండు దాకా పడుకుని అప్పు తీర్చేస్తే, ముందటి వారం జరిపిన 20 నిమిషాలు దాంతో పాటే పోతాయి.